జోజిలా వైపు లోడు: ట్యాంకులో డీజిల్ గడ్డకట్టకుండా ఏం చేయాలి?

పన్నెండు_టైర్లు – హైదరాబాద్ · నవంబర్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బండి పన్నెండు టైర్లది, బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం తయారైంది. కాశ్మీరు నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలో జోజిలా కనుమ దగ్గర జరిగే సొరంగం పనికి పటాన్‌చెరు నుంచి ఇనుప సామాను లోడు ఒప్పుకున్నాం. అన్‌లోడింగ్ ద్రాస్ వైపు, మినామర్గ్ దగ్గర. నెలాఖరుకల్లా అక్కడ ఉండాలి. డ్రైవర్లిద్దరూ జమ్మూ దాకా బాగా తిరిగినవాళ్లే కానీ చలికాలంలో ఆ పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

అక్కడ రాత్రిళ్లు మైనస్ పది, పదిహేను ఉంటుందని, డీజిల్ గడ్డకట్టి బండి ఆగిపోతుందని అంటున్నారు. ఒకాయన కిరసనాయిలు కలపమన్నాడు. ఇంకొకాయన ట్యాంకు కింద చిన్న మంట పెడితే చాలన్నాడు. మాది 365 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, మంట అనగానే గుండె ఆగినంత పనైంది. అటు వెళ్లొచ్చినవాళ్లు, మెకానిక్‌లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. లోడు టైముకి చేరకపోయినా ఫర్వాలేదు, మనుషులు క్షేమంగా రావాలి.

ఆటోనగర్_మెకానిక్ – విజయవాడ · నవంబర్ 12, రాత్రి 10:25

మంట మాట మర్చిపోండి. ప్లాస్టిక్ ట్యాంకు సంగతి అలా ఉంచితే, ఛాసిస్ పక్కనే బ్రేకుల గాలి పైపులు, వైరింగ్ ఉంటాయి. అవి కాలితే కొండ మీద బ్రేకులు లేకుండా మిగులుతారు.

అసలు ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి. డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది, పారఫిన్ అంటారు. వెచ్చగా ఉన్నంతసేపు అది నూనెలో కరిగే ఉంటుంది. చలికి మన ఇళ్లలో కొబ్బరి నూనె తెల్లబడి బిగుసుకున్నట్టే ఇదీ బిగుసుకుంటుంది. అయితే ట్యాంకంతా ముద్దయ్యేదాకా బండి ఆగదనుకోవద్దు. అంతకు చాలా ముందే సన్నటి మైనం పలుకులు ఫిల్టరు కాగితం మీద పేరుకుంటాయి. ట్యాంకులో డీజిల్ ఇంకా కదులుతూనే ఉంటుంది, ఇంజిన్‌కి మాత్రం అందదు.

అందుకే పొద్దున సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్ట్ అయి మనల్ని నమ్మిస్తుంది. ఫిల్టరులో, పైపుల్లో మిగిలిన డీజిల్‌తో కాసేపు నడుస్తుంది. తర్వాత పికప్ తగ్గి, దగ్గి, ఆగిపోతుంది. ఘాట్‌లో లోడుతో ఎక్కుతుండగా ఇది జరగడమే అసలు ప్రమాదం. కాబట్టి స్టార్ట్ అయింది కదా అని వెంటనే కదిలించకూడదు. ఓ ఇరవై నిమిషాలు నిలబెట్టి నడిపి, నిలకడగా ఉందని చూసుకుని బయలుదేరాలి.

పాత_స్టీరింగ్ – తణుకు · నవంబర్ 13, ఉదయం 6:15

తమ్ముడూ, మేం కాశ్మీరుకి బండ్లు తోలే రోజుల్లో పఠాన్‌కోట్ దాటాక ట్యాంకులో ఐదో వంతు కిరసనాయిలు పోసేవాళ్లం. బండి ఒక్కరోజు ఆగలేదు. లద్దాఖ్‌లో లోకల్ వాళ్లు కూడా ఏళ్ల తరబడి అదే చేశారు. తేలిగ్గా పోయే పనికి ఇంత భయం ఎందుకు?

ఆటోనగర్_మెకానిక్ – విజయవాడ · నవంబర్ 13, ఉదయం 8:50

బాబాయ్ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కిరసనాయిల్లో మైనం చాలా తక్కువ కాబట్టి కలిపితే గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగుతుంది, అది నిజం. కానీ మీరు తోలిన బండికీ ఈయన బండికీ ఇంజిన్‌లోనే తేడా ఉంది. అప్పటి పాత పంపుకి ఇంజిన్ ఆయిలే కందెనగా ఉండేది. ఇప్పటి కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపులోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే పద్ధతి) పంపుకి డీజిలే కందెన. లోపల ఒత్తిడి 1,600 బార్ దాటుతుంది. కిరసనాయిలుకి జిడ్డు తక్కువ, పోస్తే పంపు, ఇంజెక్టర్లు లోపల గీరుకుపోతాయి.

ఇంకోటి గంధకం. బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది భాగాలకు మించకూడదు. కిరసనాయిల్లో దానికి వందల రెట్లు ఎక్కువ ఉండొచ్చు. సైలెన్సర్ దగ్గర ఉండే పొగ శుద్ధి చేసే భాగాలు దాంతో పాడవుతాయి. ఆ బిల్లు చూస్తే లోడు మీద వచ్చిన కిరాయి సరిపోదు. పైగా రేషన్ నీలం కిరసనాయిలు డీజిల్‌లో కలపడం చట్టప్రకారం కల్తీ. చెక్కింగ్‌లో పట్టుబడితే బండి అక్కడే ఉంటుంది.

పెట్రోలు పొయ్యమనే మహానుభావులు కూడా దారిలో తగులుతారు. అది మరీ ప్రాణాంతకం, ట్యాంకులో అంటుకునే ఆవిరి పోగవుతుంది.

పాత_స్టీరింగ్ – తణుకు · నవంబర్ 13, ఉదయం 9:30

పంపు సంగతి బాగా చెప్పావు బాబూ. కొత్త బండ్లకైతే నీ మాటే సరి. పాత బండి ఉన్నవాడు కూడా ఇప్పుడు ఆ పైన మంచి డీజిలే దొరుకుతుంటే కిరసనాయిలు జోలికి పోనక్కర్లేదు.

లేహ్_లో_ఆరేళ్లు – శ్రీకాకుళం · నవంబర్ 13, మధ్యాహ్నం 1:05

పాత స్టీరింగ్ గారు చెప్పిన మంచి డీజిల్ గురించి నేను చెబుతాను. నేను మిలటరీలో సప్లై బండ్లు నడిపి రిటైరయ్యాను. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారవుతుంది. మైనస్ 33 దాకా పారే గుణం పోదు. బీఎస్-6 ప్రమాణాలకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి మీ ఇంజిన్‌కి ఏ ఇబ్బందీ లేదు. లద్దాఖ్, కార్గిల్, హిమాచల్ వైపు కాజా, కేలాంగ్ లాంటి చోట్ల కోసమే తెచ్చారు. బంకులో "వింటర్ గ్రేడేనా" అని అడిగి మరీ పోయించుకోవాలి. వచ్చేది కొత్త స్టాకా పాతదా అని కూడా అడగండి, మొహమాటం వద్దు.

మీకున్న చిక్కల్లా జోజిలా దాటాకే ఆ డీజిల్ దొరికే ప్రాంతం మొదలవడం. అక్కడికి చేరేదాకా కింద పోయించుకున్నదే ట్యాంకులో ఉంటుంది. ద్రాస్ మామూలు చలి కాదు, నడి శీతాకాలంలో మైనస్ ఇరవై దాటుతుంది. నవంబర్ చివర్లో అంత ఉండకపోవచ్చు కానీ కింది డీజిల్‌ని ఆపడానికి అందులో సగం చాలు.

నా సలహా: మినామర్గ్‌లో అన్‌లోడ్ అయ్యాక ఖాళీ బండితో కార్గిల్ వెళ్లండి. ద్రాస్ నుంచి అరవై కిలోమీటర్లే. అక్కడ ట్యాంకు నింపుకుని తిరుగు ప్రయాణం పెట్టుకుంటే వచ్చేటప్పుడు ప్రశాంతంగా ఉంటుంది.

రిఫైనరీ_ల్యాబ్ – విశాఖపట్నం · నవంబర్ 13, సాయంత్రం 6:45

రిఫైనరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. ఒక్క విషయం అందరి దృష్టికీ తేవాలి, దీని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది.

మన దేశంలో డీజిల్‌కి ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. అందులో ఫిల్టరు మూసుకుపోయే ఉష్ణోగ్రత అని ఒక పరీక్ష. ఎండాకాలానికి ఆ పరిమితి 18 డిగ్రీలు, చలికాలానికి 6 డిగ్రీలు. మైనస్ కాదు, ప్లస్ ఆరు! నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం లెక్క, మిగతా ఎనిమిది నెలలూ ఎండాకాలం లెక్క. ఇది దేశమంతటికీ కలిపి పెట్టిన గీత. మన బంకుల్లో వచ్చే డీజిల్ చాలాసార్లు ఈ పరిమితి కన్నా మెరుగ్గానే ఉంటుంది. కానీ అంతకన్నా మెరుగ్గా ఉండి తీరాలని ఎవరూ హామీ ఇవ్వలేదు. కాబట్టి హైదరాబాద్‌లో పోయించుకున్నా, పంజాబ్‌లో పోయించుకున్నా అది కొండల చలిని తట్టుకుంటుందని నమ్మడానికి వీల్లేదు. అక్టోబర్‌లో దిగిన స్టాకు బంకు కింద ఇంకా మిగిలి ఉంటే అది ఎండాకాలపు సరుకు.

ఈ పరీక్షలో వాడే జల్లెడ కన్నాలు 45 మైక్రాన్లు. లారీ ఫిల్టరు కన్నాలు అంతకన్నా చాలా సన్నం. అంటే కాగితం మీద రాసిన ఉష్ణోగ్రత కన్నా ముందే మీ ఫిల్టరు ఇబ్బంది పెట్టొచ్చు.

ఇక మందుల సంగతి. డీజిల్ గడ్డకట్టకుండా కలిపే సీసాలు ఆన్‌లైన్‌లో, జమ్మూ వైపు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. అవి మైనాన్ని తీసేయవు. పలుకులు పెద్దవిగా పెరగకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తాయి, అప్పుడు అవి ఫిల్టరులోంచి దూరి వెళ్లిపోతాయి. అందుకే పలుకులు పుట్టకముందే, డీజిల్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. ముందు మందు పోసి, ఆ తర్వాత డీజిల్ కొట్టించుకుంటే ధారకి బాగా కలుస్తుంది. ఒకసారి మైనం కట్టాక ఈ మందు పోసి లాభం లేదు. కరిగించే మందులు వేరే ఉంటాయి, సీసా మీద చదివి తీసుకోండి. బీఎస్-6కి పనికొస్తుందని రాసి లేని సీసా ఏదీ కొనొద్దు. కొలత సీసా మీద రాసినంతే. ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేయదు.

ఎన్‌హెచ్44 – నిజామాబాద్ · నవంబర్ 13, రాత్రి 8:20

సార్, ల్యాబ్ గారు చెప్పింది చదివాక చాలా విషయాలు అర్థమయ్యాయి. ఆపిల్ సీజన్‌లో సోపోర్, షోపియాన్ వైపు వెళ్లే డ్రైవర్‌ని నేను. ఓనర్ గారూ, మీ రోడ్డు మన ఇంటి ముందు రోడ్డే. హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ, పానిపట్, జమ్మూ, శ్రీనగర్ అంతా ఒకటే 44. ఆ తర్వాత సోనామర్గ్, జోజిలా వైపు తిరగాలి.

జమ్మూ, శ్రీనగర్ మధ్య రాంబన్ దగ్గర కొండ చరియలు పడితే బండ్లన్నీ ఆపేస్తారు. కాజీగుండ్‌లో, ఉధంపూర్‌లో లైన్లో పెట్టి రోజులకి రోజులు ఉంచేస్తారు. డీజిల్ గడ్డకట్టేది నడిచే బండిలో తక్కువ, నిలిచిపోయిన బండిలో ఎక్కువ. నడుస్తుంటే ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే వెచ్చటి డీజిల్ ట్యాంకుని కాస్త కాపాడుతుంది. కాజీగుండ్ లైన్లో రెండు రాత్రులు నిలబడితే ఆ వెచ్చదనం ఏమీ ఉండదు. కాబట్టి ద్రాస్ కోసం చేసే ఏర్పాటు కాజీగుండ్‌కి ముందే అయిపోవాలి. నా మాటగా, మందు కలపాల్సింది జమ్మూలోనే. ఉధంపూర్ దాటాక ఆలస్యం అవుతుంది.

డిసెంబర్ 21 నుంచి చలి బాగా ముదిరే నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు కాశ్మీరు వాళ్లు. 2021 జనవరిలో శ్రీనగర్‌లోనే మైనస్ ఎనిమిది దాటింది. మీ లోడు ఆలస్యమై ఆ రోజుల్లోకి జారితే ఒప్పుకోకండి, వాయిదా అడగండి.

పన్నెండు_టైర్లు – హైదరాబాద్ · నవంబర్ 13, రాత్రి 9:15

అందరికీ చాలా థాంక్స్. లెక్క వేసి చూశాను. జమ్మూ నుంచి శ్రీనగర్ మీదుగా ద్రాస్ దాకా సుమారు 400 కిలోమీటర్లు. లోడుతో ఘాట్‌లో లీటరుకి రెండు, రెండున్నర వస్తుందనుకుంటే 160 నుంచి 200 లీటర్లు కావాలి. అంటే జమ్మూలో ట్యాంకు నింపితే పైకి వెళ్లేసరికి దాదాపు సగం మిగులుతుంది. లేకపోతే సగమే కొట్టించుకుని పైకి వెళ్లడం మంచిదా? అప్పుడు వింటర్ గ్రేడ్‌కి ట్యాంకులో చోటు ఉంటుంది కదా.

లేహ్_లో_ఆరేళ్లు – శ్రీకాకుళం · నవంబర్ 13, రాత్రి 9:50

వద్దు. మధ్యలో రోడ్డు మూస్తే రాత్రంతా డీజిల్ అవసరమే. నిండు ట్యాంకు నెమ్మదిగా చల్లబడుతుంది. సగం ట్యాంకులో గాలి ఎక్కువ, ఆ గాలిలోని తేమ గోడలకు నీళ్లై దిగి డీజిల్‌లో చేరుతుంది. ఆ నీళ్లు ఫిల్టరు దగ్గర ఐసయితే అదింకో తలనొప్పి. జమ్మూలో మందు పోసి ఫుల్ ట్యాంకు కొట్టించండి. పైన మిగిలిన సగానికి కార్గిల్ డీజిల్ కలిస్తే మిశ్రమం మెరుగవుతుంది.

చేను_గట్టు – ఆదిలాబాద్ · నవంబర్ 13, రాత్రి 10:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా వైపు జనవరిలో పొద్దున ఐదారు డిగ్రీలకి పడుతుంది. ట్రాక్టర్ సెల్ఫ్ తీసుకోదు. ఇదీ డీజిల్ గడ్డకట్టడమేనా?

ఆటోనగర్_మెకానిక్ – విజయవాడ · నవంబర్ 13, రాత్రి 10:55

చాలావరకు కాదు అన్నా. మన చలికి బ్యాటరీ నీరసించడం, ఆయిల్ చిక్కబడడమే ఎక్కువ. బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చేయించి చూడండి. ఎండాకాలంలో పోయించి డ్రమ్ములో దాచిన డీజిల్ వాడుతుంటే మాత్రం ల్యాబ్ గారు చెప్పిన 18 డిగ్రీల లెక్క గుర్తుపెట్టుకోండి. ఫిల్టరు గిన్నె విప్పి చూస్తే తెల్లటి మసక కనిపిస్తే అది మైనమే.

డాలస్_డిస్పాచ్ – టెక్సస్ · నవంబర్ 14, ఉదయం 7:10

నేను ఇక్కడ ఒక ట్రక్కింగ్ ఆఫీసులో డిస్పాచ్ చూస్తాను. ల్యాబ్ గారు చెప్పిన మాటకి మా ఊరే సాక్ష్యం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో డాలస్‌లో మైనస్ 19 దాకా పడింది. ఉత్తరాన మినెసోటా, డకోటాల్లో అంతకన్నా చలి ఏటా మామూలే, అక్కడ బండ్లు హాయిగా తిరుగుతాయి. కారణం అక్కడి బంకుల్లో చలికి తగ్గట్టు మైనం తక్కువుండే నంబర్ 1 డీజిల్ కలిపి అమ్ముతారు. మా దక్షిణాన అమ్మేది నంబర్ 2, అంత చలికి తయారు చేసింది కాదు. దాంతో ఎక్కడి ట్రక్కులు అక్కడ నిలిచిపోయాయి. అప్పటి నుంచి ఉత్తరానికి వెళ్లే ప్రతి డ్రైవర్‌కీ మేం బయలుదేరేటప్పుడే ఎక్కడ, ఎంత కొట్టించుకోవాలో రాసిస్తాం. మీ డ్రైవర్లకి కూడా ఓ కాగితం మీద రాసివ్వండి. ఫోన్‌లో చెప్పింది చలిలో గుర్తుండదు. ఆ పైన సిగ్నల్ కూడా నమ్మలేం.

కోదాడ_అక్క – కోదాడ · నవంబర్ 14, ఉదయం 11:20

మా ఆయన లారీ డ్రైవరే. ఇంతసేపూ అందరూ డీజిల్ గురించి చెప్పారు, మనుషుల గురించి ఒక మాట అడగాలి. చలికి వీళ్లు క్యాబిన్‌లో అద్దాలన్నీ మూసుకుని పడుకుంటారు. బొగ్గుల కుంపటి పెట్టుకుంటారని కూడా విన్నాను. ఇంజిన్ రాత్రంతా ఆన్‌లోనే ఉంచి పడుకోవచ్చా? అది కూడా చెప్పండి అన్నయ్యా.

లేహ్_లో_ఆరేళ్లు – శ్రీకాకుళం · నవంబర్ 14, మధ్యాహ్నం 12:40

చెల్లెమ్మా, ముందు అడగాల్సిన ప్రశ్న మీరు అడిగారు. క్యాబిన్‌లో కుంపటి, స్టవ్ ఏదీ వద్దు, ఎంత చలైనా సరే. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పొగ కనిపించదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని పోయినవాళ్ల వార్తలు కాశ్మీరులో దాదాపు ప్రతి చలికాలం వస్తాయి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకోవడం కూడా మంచిది కాదు. సైలెన్సర్ ఎక్కడైనా లీకైనా, చుట్టూ మంచు పేరుకుని పొగ బయటికి పోకపోయినా అదే గ్యాసు లోపలికి వస్తుంది.

మేం చేసేది ఇది. ఇద్దరున్నారు కాబట్టి వంతులు వేసుకోవాలి. రెండు, మూడు గంటలకోసారి ఒకరు లేచి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఉత్త ఐడ్లింగ్‌లో కాకుండా కాస్త రేజ్ చేసి, వేడి ముల్లు పైకి వచ్చేదాకా నడిపి ఆపాలి. ఆ సమయంలో అద్దం కొంచెం దించి మేలుకునే ఉండాలి. బీఎస్-6 బండిని గంటల తరబడి ఐడ్లింగ్‌లో ఉంచితే మసి ఫిల్టరు కూడా పూడుకుపోతుంది. మందపాటి రజాయిలు, ఉన్ని సాక్సులు, టోపీలు ఇక్కడి నుంచే పంపండి. వీలున్న చోట ధాబాలో, లాడ్జిలో పడుకోమనండి. ఆ ఖర్చు ఓనర్ గారు పెట్టుకోవాలి.

పన్నెండు_టైర్లు – హైదరాబాద్ · నవంబర్ 14, మధ్యాహ్నం 1:15

తప్పకుండా పెట్టుకుంటాను. అక్కా, అడిగినందుకు ధన్యవాదాలు. ఇంకో డౌటు: ఇన్ని చేసినా ఆగిపోతే? యూరియా ట్యాంకు సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

మంచు_ఊరు – ఎడ్మంటన్, కెనడా · నవంబర్ 14, రాత్రి 8:05

పొగ శుద్ధికి వాడే యూరియా నీళ్లు, అదే డీఈఎఫ్, మైనస్ 11కి గడ్డకడుతుంది. దానికి కంగారు పడక్కర్లేదు, బండి స్టార్ట్ అయి నడుస్తుంటే ఇంజిన్ వేడి నీళ్ల పైపుతో అదే కరిగేలా ఏర్పాటు ఉంటుంది. గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది కాబట్టి ఆ ట్యాంకు మాత్రం అంచుదాకా నింపకండి. అందులో డీజిల్ మందు గానీ, కూలెంట్ గానీ, వేడి నీళ్లు గానీ పోయొద్దు. ఒక్కసారి కలిస్తే మొత్తం వ్యవస్థ మార్చాల్సి వస్తుంది.

ఇక్కడ ప్రతి పార్కింగ్‌లో ప్లగ్ ఉంటుంది, రాత్రంతా ఇంజిన్‌కి హీటర్ తగిలించి పడుకుంటాం. మీకు ఆ సౌకర్యం లేదు కాబట్టి మిగతావి గట్టిగా చూసుకోండి. కూలెంట్ నీళ్లు కలిపి పలచన చేసి ఉంటే మార్పించండి. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉంటే మైనస్ 35 దాకా భయం లేదు. చలికి బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది, పాతదైతే హైదరాబాద్‌లోనే కొత్తది వేయించండి. గాలి ట్యాంకుల్లో నీళ్లు రోజూ సాయంత్రం వదిలేయాలి, లేకపోతే బ్రేకు పైపుల్లో ఐసు కడుతుంది.

ఆటోనగర్_మెకానిక్ – విజయవాడ · నవంబర్ 14, రాత్రి 9:30

ఆగిపోతే చేయాల్సింది నేను చెబుతాను, డ్రైవర్లకి ఇచ్చే కాగితంలో ఇదీ రాయండి.

ముందు బండిని రోడ్డు పక్కకి తీసి చక్రాలకి రాళ్లు వేయాలి. సెల్ఫ్ అదే పనిగా కొట్టకూడదు. పది సెకన్లు కొట్టి రెండు నిమిషాలు ఆగాలి. రెండు, మూడుసార్లకి రాకపోతే వదిలేయాలి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలి బ్యాటరీ దిగిపోతుంది. తర్వాత వాటర్ సెపరేటర్ కింద స్క్రూ వదిలి నీళ్లు తీసేయాలి. మూసుకుపోయిన ఫిల్టర్లు తీసి కొత్తవి వేయాలి. అందుకే ప్రైమరీ, సెకండరీ ఫిల్టర్లు రెండేసి జతలు, వాటి రింగులు, ఫిల్టరు పానా బండిలో ఉండాలి. కరిగించే మందు సీసా క్యాబిన్‌లో వెచ్చగా ఉంచుకోవాలి.

పైపులకి, ఫిల్టరు గిన్నెకి వేడి నీళ్లలో ముంచిన గుడ్డలు చుట్టొచ్చు. వైరింగ్ కనెక్షన్ల మీద నీళ్లు పోయకూడదు. మైనం సున్నా దాటగానే కరిగిపోదు, ఐసుకీ దీనికీ అదే తేడా, ఇంకా వేడి కావాలి. ఎండ పడేదాకా ఆగడమే చాలాసార్లు మంచి మందు. హ్యాండ్ ప్రైమర్ గట్టిపడేదాకా కొట్టి, గాలి తీసి, అప్పుడే సెల్ఫ్ కొట్టాలి. కామన్ రైల్ బండి కాబట్టి హై ప్రెషర్ పైపులు దారిలో ఎవరినీ విప్పనివ్వకండి.

ఇంజిన్ ఆయిల్ ఏది ఉంది మీ బండిలో? 15డబ్ల్యూ-40 అయితే ద్రాస్ తెల్లవారుజాముకి చిక్కబడి సెల్ఫ్‌కి బరువవుతుంది. కంపెనీ మాన్యువల్‌లో చలికి తక్కువ చిక్కబడే 5డబ్ల్యూ రకం ఒప్పుకుంటే ఆయిల్ సర్వీసు ఇప్పుడే అది పోసి చేయించండి.

పన్నెండు_టైర్లు – హైదరాబాద్ · నవంబర్ 14, రాత్రి 10:10

15డబ్ల్యూ-40నే ఉంది. మాన్యువల్ తీసి చూశాను, 5డబ్ల్యూ-30 కూడా రాసి ఉంది. రేపే సర్వీసుకి పంపుతున్నాను. ఫిల్టర్లు, మందు సీసాలు, కొత్త బ్యాటరీలు, రజాయిలు లిస్టులో రాశాను. జమ్మూలో ఫుల్ ట్యాంకు, కార్గిల్‌లో వింటర్ గ్రేడ్ అని డ్రైవర్లిద్దరికీ కాగితం రాసి ఇస్తున్నాను. కాజీగుండ్‌లో లైన్లో ఆపితే ఎక్కడ నిలబెట్టడం మంచిదో ఎన్‌హెచ్44 అన్న చెబితే అదీ రాస్తాను.

ఎన్‌హెచ్44 – నిజామాబాద్ · నవంబర్ 14, రాత్రి 10:35

లైన్లో పోలీసులు చెప్పిన చోటే పెట్టాలి సార్, మన చేతిలో ఉండదు. చోటు దొరికితే మాత్రం ట్యాంకు, ఫిల్టరు ఉన్న పక్కకి గాలి నేరుగా తగలకుండా ఇంకో బండి చాటున లేదా గోడ చాటున పెట్టమనండి. పొద్దున ఎండ మొదట పడే వైపు ట్యాంకు ఉంటే ఇంకా మంచిది. సోనామర్గ్ చేరేముందు టైర్ల చైన్లు ఉన్నాయా అని కూడా చూసుకోమనండి, మంచు పడితే అక్కడ చైన్లు లేకుండా పైకి వదలరు.